ముత్యాలప్ప ఉరుముకు పెట్టె

సుంకప్ప రంపం పట్టి చెక్క కోయడం అదే మొదలు. మనిషికి యాభై దాటింది. కుడిచేతికి చివరి రెండు వేళ్లు లేవు. ఉరవకొండలో వేరుశెనగ మిల్లు నడిచిన రోజుల్లో కాయలు ఒలిచే యంత్రం బెల్టు వాటిని లాగేసుకుంది. మిగిలిన మూడు వేళ్లతో పిడి పట్టుకుంటే రంపం గీత మీద నడవదు, కొత్తగా కాడి కట్టిన కోడెలాగా పక్కకు దిగిపోతుంది. పొద్దున మొదలుపెట్టిన పలక, నీడ గోడ దిగేసరికి గానీ రెండు ముక్కలు కాలేదు. ఆ రెండూ సమంగా రాలేదు.

"ఏమయ్యో, కోళ్లగూడా?" అంది నాగలక్ష్మి, చేటలో బియ్యం చెరుగుతూ.

"కాదు."

"కోళ్లగూడైతే ఇంత దప్పం పలక దేనికిలే. గంప బోర్లేస్తే సాలు. మరేంది అది?"

"సౌండు పెట్టె."

ఆమె చేట ఆపి మొగుడి ముఖం చూసింది. "సౌండా? పెండ్లిళ్లలో గుండెలు అదిరేటట్ల మోగుతాయే, అదా? ఏమన్నా గాలి సోకిందా నీకు?"

"అమ్మకి," అన్నాడు సుంకప్ప.

నాగలక్ష్మి మళ్లీ చేట ఎత్తింది. 'అమ్మకి' అన్న మాట తర్వాత ఆ ఇంట్లో అడగడానికి ఏమీ మిగలదు.

అమ్మ పేరు బయమ్మ. ఎనభై దాటిన ముసలామె. చూపు మసక. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట అందుకోదు. పగలంతా వసారాలో దోవ వైపు మొహం పెట్టుకొని కూర్చుంటుంది. ఆమె పెద్దకొడుకు ముత్యాలప్ప, కరోనా రెండోసారి వచ్చిన ఏడు, అనంతపురంలో ఒక ఆస్పత్రిలో పోయాడు. పోయాడని ఊరంతటికీ తెలుసు. బయమ్మ మాత్రం ఒప్పుకోదు.

వాళ్లది ఉరుములవాళ్ల ఇల్లు. ఉరుము అంటే భుజాన తగిలించుకొని నడుం దగ్గర వాయించే ఇత్తడి వాద్యం. మధ్యలో సన్నగా ఉంటుంది, రెండు మూతులకూ మేకతోలు బిగిస్తారు. ఒక తోలు మీద పుల్లతో కొడతారు. రెండో తోలు మీద వంకరపుల్లను అదిమిపెట్టి రాస్తారు. ఆ రాపిడికి లోపలినుంచి ఒక మూలుగు లేస్తుంది. దూరాన మబ్బు కదిలినట్టుంటుంది. చెవికంటే ముందు కడుపుకు తెలుస్తుంది. గంగమ్మ జాతరలో ముత్యాలప్ప ఉరుము అందుకుంటే, తల్లుల ఒడిలో నిద్రపోతున్న పసిబిడ్డలు కళ్లు తెరవకుండానే చేతులు చాపేవాళ్లు. నాలుగైదు ఊళ్లలో అంతటి చెయ్యి లేదని పేరు.

ఆ ఇంట్లో ఉరుము పెద్దకొడుకుది. చిన్నవాడికి కూలిపని. ఇది ఎవరో చేసిన అన్యాయమని సుంకప్ప ఎన్నడూ అనుకోలేదు. మిల్లులో మూటలు మోశాడు, వేళ్లు పోయాక తూకం దగ్గర నిలబడ్డాడు, పంటలు పోయి మిల్లు మూతబడ్డాక సోలార్ పలకలు కడిగే పనికి కుదిరాడు. ఊళ్లో బిందెలు ట్యాంకరు కోసం వరస కట్టి ఉంటే, అతను ట్యాంకరు నీళ్లతో అద్దాలు కడిగి ఇంటికి వస్తాడు. దాని మీద మాట్లాడుకోవడం అందరూ ఎప్పుడో మానేశారు. అన్న ఉరుము కొడుతుంటే గుంపులో వెనక నిలబడి వినడం, ఎవరైనా 'ఎవరప్పా ఆ కొట్టేది?' అంటే 'మా అన్న' అని చెప్పడం. అతని బతుకులో గొప్ప అంటూ ఉంటే అంతే.

ఆస్పత్రినుంచి ఫోను వచ్చిన రోజు పోయి చూస్తే ప్లాస్టిక్ గుడ్డలో చుట్టిన మనిషి. ముఖం చూపించే రోజులు కావవి. ఊరికి తెచ్చుకోనిచ్చే రోజులూ కావు. యంత్రం తీసిన గుంతకు దూరంగా, తాడు కట్టినచోట నిలబెట్టారు. సుంకప్ప పాడె మోయలేదు. వంగి పిడికెడు మన్ను తీసుకున్నాడు గానీ, "ముందుకు రావద్దు పెద్దాయనా" అన్నాడు మాస్కు కట్టుకున్న మనిషి. కోపంగా కూడా అనలేదు, పాపం. అలసిపోయి ఉన్నాడు. సుంకప్ప ఆ మన్ను పిడికిట్లోనే పెట్టుకొని బస్సెక్కాడు. ఎక్కడ వదిలేశాడో అతనికి గుర్తులేదు.

ఉరుము ముందు నడవలేదు. బయమ్మను పట్టుకున్నది ఆ ఒక్క మాటే. ఆ ఇంట్లో మగవాడు పోతే ఉరుము ముందు నడుస్తుంది, శవం వెనక నడుస్తుంది. ఆమె మామ పోయినప్పుడు నడిచింది. మొగుడు పోయినప్పుడు ముత్యాలప్పే వాయించుకుంటూ నడిచాడు, ఏడుస్తూ, తాళం తప్పకుండా.

"ఉరుము పలకల్యా. మొగం ఎవురూ సూడల్యా. పోయినాడని ఎట్లంటార్రా మీరు?" అంటుంది.

ఏటా పెద్దల అమావాస్యకు పోయినవాళ్లకు ఎడ పెడతారు. ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క ఆకు వేసి, వాళ్లకు ఇష్టమైనవి వండి వడ్డిస్తారు. ముత్యాలప్ప పోయిన ఏడు నాగలక్ష్మి అతని పేరున కూడా ఆకు వేసింది. ముసలామె గోడ పట్టుకొని వచ్చి, వరసగా ఆకులు తడిమి, చివరి ఆకు పట్టి లాగి మడిచి బయట పారేసింది.

"బతికుండేవానికి ఎడ పెడతావా? నీ కడుపున పుట్టినోనికి పెట్టుకో పో."

నాగలక్ష్మి ఆ రోజు అన్నం తినలేదు. ఆ తర్వాత ఏ ఏడూ ముత్యాలప్పకు ఆకు పడలేదు. పక్క ఊరి ఉరుములాయన తిప్పయ్యను పిలిపించి, ఆలస్యంగానైనా ఉరుము పలికిద్దామని సుంకప్ప ఒకసారి అడిగి చూశాడు.

"వాడు బతికుండంగ వాని ఉరుమును ఇంకొకడు ముట్టేదేంది? నువ్వట్ల చేస్తే నేను సచ్చినంత ఒట్టు," అంది బయమ్మ.

సుంకప్ప మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఉరుము గుడ్డ చుట్టుకొని కొయ్యకు వేలాడుతూనే ఉంది. బయమ్మ ప్రతిరోజూ తన సంగటి ముద్దను సగానికి విరిచి, ఒక సగం పెద్దోనికని మూతవేసి పెడుతుంది. పొద్దున్నే అది కోళ్లకు పోతుంది. సగం ముద్దతో ఆమె ఏటికేడు ఎండిపోతోంది. సుంకప్పకు అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. ఎడ పెట్టని మనిషికి ఆకలి తీరదని అతని నమ్మకం. అక్కడ అన్నకు ఆకలి, ఇక్కడ అమ్మకు ఆకలి. మధ్యలో తను మూడు పూటలా తింటున్నాడు.

కరోనాకు ముందు జరిగిన ఆఖరి జాతరలో అన్న వాయిస్తుండగా సుంకప్ప తన ఫోనులో తీసిన వీడియో ఒకటి ఉంది. ముసలామె చెవికి ఫోను ఆనించి అది వినిపించాడు.

"ఎవురో రేకు కొడతాండారు," అంది ఆమె, ఫోను తోసేస్తూ.

నిజమే. ఫోనులో పుల్లదెబ్బలు మాత్రం టకటకమని వినబడుతున్నాయి. కింద ఉండవలసిన మూలుగు లేదు.

మొన్న వేసవిలో పక్కవీధిలో పెండ్లి జరిగింది. బండి మీద మనిషంత పెట్టెలు పెట్టి పాటలు మోగించారు. వసారాలో కూర్చున్న బయమ్మ ఉన్నట్టుండి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ముఖం విప్పారింది.

"ఒరే సుంకా, ఉరుము రా. పెద్దోడు వచ్చినాడా?"

సుంకప్ప ఆ బండి దగ్గరికి పోయి పెట్టెలను చుట్టూ తిరిగి చూసి వచ్చాడు. మరుసటి రోజే ఉరవకొండకు పోయాడు.

బస్టాండు దగ్గర వేణుగోపాల్ కొట్టు ఉంది. తాతల కాలంనుంచి బట్టల వ్యాపారం చేసిన శెట్ల ఇల్లు వాళ్లది. ఇతను మాత్రం బట్టలు వదిలి మైకుసెట్లు, స్పీకర్లు పట్టుకున్నాడు. సుంకప్ప చెప్పిందంతా విన్నాడు.

"ఒకరోజుకు నా సెట్టే తోలిస్తాలేప్పా. పెద్దల పండగంటాండావు, నిన్ను నేనేం అడుగుతా?"

"వద్దన్నా. పెట్టె నేనే చేస్తా. ఎట్ల చేయాల్నో చెప్పు, సాలు."

"నువ్వా? ముందెప్పుడన్నా చేసినావా?"

"లేదు."

"చూస్తే ఉండేది మూడు వేళ్లు."

"మూడు వేళ్లతోనే సంగటి తింటాండా కదన్నా."

శెట్టి నవ్వాడు. ఎందుకు తనే చేయాలో సుంకప్ప చెప్పలేదు, చెప్పడం అతనికి చేతకాదు కూడా. అన్నకు చేయవలసిన పనుల్లో ఒక్కటీ ఆ చేతుల మీదుగా జరగలేదు. ఇదైనా జరగాలి. అంతే.

శెట్టి పాతసెట్టులోంచి విప్పి పక్కన పడేసిన, అడుగుమోత పలికించే వూఫర్ ఒకటి వెతికి ఇచ్చాడు. పళ్లెమంత వెడల్పు, కాగితం గంపలాంటి నోరు, ఒకచోట అతుకు. మోత పెంచే పాత ఆంప్లీ ఒకటి కూడా ఇచ్చాడు. అట్టముక్క మీద పెట్టె బొమ్మ గీశాడు.

"పెట్టె అంటే ఏమీ లేదప్పా, గాలిని కట్టేసేది. గాలి యాడా కారగూడదు. ముందర ఒక గొట్టం పెడతావే, పోతే దాంట్లోంచే పోవాల, వస్తే దాంట్లోంచే రావాల. యాడన్నా సందు మిగిలిందనుకో, పాము మాదిరి బుస్సుమంటాది. లోతు రాదు."

పలకలకు వెనక కొట్టం తలుపులు విప్పాడు సుంకప్ప. వేపచెక్క. శెట్టి ప్లైవుడ్ అన్నాడు గానీ, ఇంట్లో వేప ఉండగా కొనడమెందుకని, వేపకంటే గట్టిది ఏముంటుందని అనుకున్నాడు. గొట్టానికి అన్న చేలో ఎండిపోయిన బోరు తాలూకు కేసింగు పైపు ముక్క దొరికింది. లోపల మెత్తగా పరచడానికి మిల్లునాటి గోనెసంచులు. మేకులు కొట్టి నాలుగు వైపులా బిగించాడు. గుండ్రంగా తొలిచిన చోట వూఫర్ కూర్చోక, ఉలితో చెక్కి చెక్కి, చివరికి అది పక్షి కొరికిన జామకాయలాగా తయారైంది. అయినా కూర్చుంది.

దారిన పోయే ఆంజి గోడమీదుగా తొంగిచూశాడు. పొరుగింటివాడు, నోరు ఊరుకోదు.

"ఏమప్పా సుంకప్పా, డీజే పెడతాండావంట? మావాని పెండ్లికి ఇప్పుడే చెప్పిపెడతాండా, ఇంగెవురికీ ఒప్పుకోవద్దు."

"పిల్ల దొరికినాదా మీవానికి?"

"పిల్ల లేదు. సౌండు ఉంటే పిల్ల అదే వస్తాదిలే."

సుంకప్ప కూడా నవ్వాడు. ఆ పెట్టె పని మీద అతను నవ్వింది ఆ ఒక్కసారే.

మొదటిసారి మోగించగానే శెట్టి చెప్పినట్టే పెట్టె బుస కొట్టింది. మోతకు మేకులు వాటంతట అవే బయటికి జరిగాయి. ఎండకు వేపపలక కూడా అతుకుల దగ్గర నోరు తెరిచింది. ఈ గాలిలో తడి ఉండదు, చెక్క ఏదైనా చీలకుండా ఉండదు. తలుపుగా ఉన్నన్నాళ్లు ఆ చీలిక ఎవరికీ అడ్డం కాలేదు. మేకులన్నీ పీకి స్క్రూలు బిగించాడు. చెక్కపొట్టూ బంకా కలిపి ముద్ద చేసి సందులు పూడ్చాడు. పాట మోగుతుంటే ఊదుబత్తి వెలిగించి అతుకుల వెంబడి నడిపించాడు. పొగ నిటారుగా లేస్తే సరి, ఒక పక్కకు వణికితే అక్కడ గాలి కారుతున్నట్టు. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు, దేవుడి పటం ముందు నిలబడినప్పుడు తోచింది. పొగ వణికిన చోటల్లా మళ్లీ పూడ్చాడు. సోలార్ పలకలు కడిగి వచ్చి, స్నానం కూడా చేయకుండా పెట్టె ముందు కూర్చునేవాడు.

"పెండ్లాం మొగం ఇంత సేపు ఎప్పుడన్నా చూసినావా?" అంది నాగలక్ష్మి.

"నీకు సందులు లేవు కదే."

"ఉంటే పూడుస్తావులే," అందామె. కానీ ఆ రోజునుంచి ఊదుబత్తి ఆమె పట్టుకుంది, ముద్ద అతను పెట్టాడు.

పొగ ఎక్కడా వణకని రోజు ఒకటి వచ్చింది. ఫోనులో ఏదో సినిమా పాట పెట్టాడు. బానలో నీళ్లు వణికాయి. అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. బయమ్మను చెయ్యిపట్టి తెచ్చి, ఆమె అరచేతిని పెట్టె మీద ఉంచాడు.

"ఉండాది," అంది ఆమె. "కడుపులోకి వస్తాండాది."

సుంకప్ప మళ్లీ ఫోను అందుకున్నాడు. అన్న వీడియో తీసి పెట్టాడు.

టక టక టక. పెద్దగా, గట్టిగా, ఇల్లంతా వినబడేట్టు, అదే రేకు. గ్లాసులు కదల్లేదు. పెట్టె మీద చెయ్యి అలాగే పెట్టుకొని ముసలామె కాసేపు కాచుకుంది. తర్వాత చెయ్యి తీసేసింది.

"ఈ రేకువాడు మళ్లీ వచ్చినాడే," అంది.

ఈ నేల మీద పుట్టినవాళ్లకు ఒక అలవాటు ఉంది. బోరులో నీళ్లు పడకపోతే నీళ్లు లేవని అనుకోరు, లోతు చాలలేదని అనుకుంటారు. ఇంకా కిందికి దించుతారు. అప్పటికీ పడకపోతే పక్కన ఇంకొకటి వేస్తారు. అడుగున ఉంది, మన చెయ్యి అందడం లేదు అన్న నమ్మకంతో పొలాలు పోగొట్టుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. ముత్యాలప్ప కూడా అట్లాంటివాడే. సుంకప్ప బుద్ధి కూడా ఆ దారినే పోయింది. పెట్టె చిన్నదైపోయింది అనుకున్నాడు. అన్న మూలుగు అడుగున ఉంది, దాన్ని పైకి లాగే పెట్టె కావాలి.

రెండో పెట్టె మొదటిదానికి దాదాపు రెండింతలు చేశాడు. ఈసారి శెట్టి మాట విని ప్లైవుడ్ తెచ్చాడు. గొట్టం కూడా పొడుగుది పెట్టాడు. రంపం ఈసారి గీత మీద నడిచింది. మూలలు కలిశాయి. వూఫర్ ఒక్కసారికే తన గూట్లో కూర్చుంది. చూసినవాళ్లెవరూ కొత్తవాడు చేశాడని అనరు. పాట పెడితే పైకప్పు రేకుల మీది దుమ్ము రాలింది. అన్న వీడియో పెడితే టక టక టక.

ఆంజి ట్రాలీ ఆటోలో పెట్టెను వేసుకొని సుంకప్ప ఉరవకొండకు పోయాడు. శెట్టి దాన్ని నలువైపులా తట్టి చూశాడు. చెవి పెట్టి విన్నాడు.

"పెట్టె బాగుండాదప్పా. అబద్ధమెందుకు, మా పిల్లోల్లు గూడ ఇంత బాగ చెయ్యరు. దీంట్లో తప్పేం లేదు."

"మరి అన్న రాడేమన్నా?"

శెట్టి ఆ వీడియోను తన కంప్యూటరులోకి ఎక్కించాడు. తెర మీద గీతలు లేచాయి. కుడివైపు గడ్డిలాగా ఒత్తుగా ఉన్నాయి. ఎడమవైపు ఏమీ లేదు.

"ఈ తట్టు చూడు. బోడిగా ఉండాదే, ఆడ ఉండాల మీ అన్న మూలుగు. లేదు. ఫోను చేసింది మనిషి మాట వినేదానికి. కింద గుర్రుమనేదాన్ని అది గాలిమోత అనుకొని తీసి పారేస్తాది. నువ్వు తీసిన రోజే పారేసినాది. లేనిదాన్ని ఎంత పెద్ద పెట్టె అయినా యాడనుంచి తెచ్చిస్తాది?"

సుంకప్ప తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు జాతరలో అన్న ఎదురుగా ఫోను పట్టుకొని నిలబడినప్పుడు ఆ మూలుగు తన కాళ్లలోంచి పైకి ఎక్కింది. పళ్లు జివ్వుమన్నాయి. అంతా దీంట్లో పడుతోందిలే అనుకున్నాడు. ఇన్నాళ్లూ జేబులో మోసింది రేకు.

"మీ అన్న కొట్టింది ఇంగెవురన్నా తీసినారా?"

"ఎవురు తీస్తారన్నా? ఏటా కొడతాడు కదా అనుకున్యాం."

శెట్టి కాసేపు గల్లాపెట్టె మీద వేళ్లు ఆడించాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఒక పని చేస్తాం. మడకశిర తట్టు ఎవురో ఉరుములాయనది, మంచి మైకులు పెట్టి తీసింది నా దగ్గర ఉండాది. పేరు తెలీదు గానీ చెయ్యి మంచిది. పైన మీ అన్న దెబ్బలు అట్లే ఉంచి, అడుగున ఆయన మూలుగు ఏసి కలుపుతా. తాళానికి తాళం కుదురుస్తా. ముసలామెకు ఏం తెలుస్తాది?"

"వద్దన్నా," అన్నాడు సుంకప్ప. పెట్టె ఎక్కించుకొని వెనక్కి వచ్చేశాడు.

అమావాస్య దగ్గరపడింది. బయమ్మకు జ్వరం తగిలింది. తగ్గింది గానీ, ఆ తర్వాత సంగటిలో సగం కాదు, మొత్తం పక్కన పెట్టడం మొదలుపెట్టింది. "వాడు వస్తే తింటాంలే, ఇద్దరం," అనేది. దోవలో ఎవరి చెప్పుల మోత నేల మీద అదిరినా, "పెద్దోడా?" అని తల ఎత్తేది.

"ఏదో ఒకటి చెయ్యయ్యా," అంది నాగలక్ష్మి. ఆమె కళ్లనీళ్లు పెట్టుకోవడం అరుదు. "ఆకు పడకుంటే ఆయన పోడు, ఆయన పోకుంటే ఈమె తినదు. ఈమె గూడ పోతాది ఇట్లే."

సుంకప్ప మళ్లీ ఉరవకొండకు పోయాడు. శెట్టి ముందు నిలబడి, "కలుపన్నా," అన్నాడు. శెట్టి కంప్యూటరు తెరిచాడు.

అమావాస్య రోజు ఇల్లు అలికి, పటాలు కడిగి, ఆకులు వేశారు. బయమ్మ మామ పేరున, మొగుడి పేరున, చిన్నప్పుడే పోయిన ఆడబిడ్డ పేరున. చివర కొంచెం జాగా వదిలారు. కొయ్యకు వేలాడే ఉరుము కింద పెట్టెను పెట్టాడు సుంకప్ప. బయమ్మను తెచ్చి పీట మీద కూర్చోబెట్టి, ఆమె రెండు చేతులూ పెట్టె మీద ఉంచాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "అన్న ఉరుమమ్మా, జాతరలోది," అని అరిచాడు.

మోగింది. టకటకల కిందినుంచి మూలుగు లేచింది. నేల గుండా, పీట గుండా, ముసలామె ఎండు చేతుల గుండా పైకి పాకింది. బానలో నీళ్లు వణికాయి. నాగలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆంజి గోడ దగ్గరికి వచ్చి, ఏదో అనబోయి, తల మీద తువ్వాలు తీసేశాడు.

బయమ్మ కదలకుండా విన్నది. మూలుగు లేస్తున్నప్పుడు ఒకసారి తల ఊపింది. రెండోసారి లేచినప్పుడు ఊపలేదు. అయిపోయేదాకా చేతులు తీయలేదు. తీశాక వాటిని ఒడిలో పెట్టుకుంది.

"మంచి చెయ్యి," అంది. "ఎవురిదిరా?"

"అన్నదే అమ్మా," అని చెవిలో అరిచాడు సుంకప్ప.

"పైన పుల్ల వానిదే. అడుగున మూలుగు వానిది కాదు. వాడు వంకరపుల్లను చివర్లో వదిలేస్తాడు, గాలికి వదిలినట్ల. వీడు అదిమి ఆపుతాండాడు. నేను ఇద్దరికి వండిపెట్టినదాన్ని, నీ నాయనకు, వానికి. నాకు తెలీదా?"

సుంకప్ప తల దించుకున్నాడు. తిట్టు కోసం కాచుకున్నాడు. ముసలామె తిట్టలేదు. మాట్లాడింది, అరవకుండా, తనలో తను చెప్పుకున్నట్టు.

"ఇన్నేండ్లు నువ్వు ఇంకొకనితో కొట్టించల్యా. నేను ఒట్టు పెట్టినానని కాదు, నా ఒట్లు నువ్వు ఎన్ని దాటలేదు. నువ్వు గూడ లోపల నమ్మినావు వాడు వస్తాడని. అందుకే ముట్టనీయలేదనుకున్యా. ఊరంతా పోయినాడన్నా, సుంకడు ముట్టనీయలేదు కదా అని నేను కూసున్యా." పెట్టె వైపు చెయ్యి చూపింది. "ఈ పొద్దు ఇంకొకని చెయ్యి పెట్టించినావు. పెట్టెలోనో బయటనో, యాడైతేనేం. అంటే నీకు తెలుసు."

"అమ్మా..."

"పోయినాడు," అంది బయమ్మ. "పోయినాడా నా కొడుకు."

నాగలక్ష్మి ఏడుపు అందుకుంది. ముసలామె ఏడవలేదు. పీట మీదినుంచి లేవబోయి లేవలేక అక్కడే ఉండిపోయింది. వసారా వైపు తిరగలేదు. మళ్లీ ఏ రోజూ తిరగలేదు, ఆ తర్వాత మంచంలోంచి లేచిన రోజులు కూడా తక్కువే. అంతకాలం ఆమెను కూర్చోబెట్టి ఉంచింది ఏమిటో సుంకప్పకు అప్పుడే, ఆ నిమిషంలోనే అర్థమైంది. సగం ముద్ద తిని, సగం ముద్ద దాచి, దోవ చూస్తూ ఆమె బతికింది. ఆ దోవను అతను తన చేతులతో, మూలలు కలిపి, సందులు పూడ్చి మూసేశాడు.

"ఆకు ఎయ్యమ్మా పెద్దోనికి," అంది బయమ్మ కోడలితో.

నాగలక్ష్మి చివరి జాగాలో ఆకు వేసింది. అలసంద వడలు, మాంసం వేసిన చియ్యల పులుసు, రాగి సంగటి. అన్నీ ముత్యాలప్పకు ఇష్టమైనవే. వడ్డిస్తుంటే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఉరుము కొట్టినోడు తినాల ముందు. వాడు తిన్నాకనే పోయినోల్లకు. యాడుండాడు వాడు?"

"దూరమమ్మా. రాలేదు," అన్నాడు సుంకప్ప, ఆమె చెవి దగ్గర వంగి గట్టిగా.

"రాకుంటే వాని ఆకు ముందర ఎవురన్నా కూసోని తినాల. కొట్టిన చెయ్యిని పస్తు పెట్టగూడదు. నువ్వే కూసో."

పెట్టె పక్కన ఇంకో ఆకు పడింది. సుంకప్ప కూర్చున్నాడు. వరసలో అవతల అన్న ఆకు మీద సంగటి వేడికి పొగ లేస్తోంది. మూడు వేళ్లతో ముద్ద విరిచి నోట్లో పెట్టుకున్నాడు. మింగుడు పడలేదు. నీళ్లు తాగి మింగాడు.

"కడుపునిండా పెట్టు," అంది బయమ్మ, కోడలు ఉన్న వైపు తిరిగి. "ఎవురి బిడ్డో. మనకోసరం కొట్టినాడు."

నాగలక్ష్మి ఇంకో ముద్ద తెచ్చి ఆకులో వేసింది. వద్దనడానికి లేదు. పేరు తెలియని ఆ మనిషి వంతు అన్నం సుంకప్ప తల వంచుకొని తిన్నాడు. అతను చెయ్యి కడుక్కున్న తర్వాతే ముత్యాలప్పకు నీళ్లు వదిలారు.